సగం మీసం

గిలక్కాయ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నది ఒక శుక్రవారం సాయంత్రం. అంతకుముందు ఆ పిల్లకి నవ్వొస్తే ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. పొత్తిళ్ళలో ఉన్నప్పుడే, పక్కన ఎవరైనా దగ్గినా తుమ్మినా కిలకిలమనేది. వాళ్ళ నాన్న అప్పుడు పెట్టిన పేరే గిలక్కాయ. బళ్ళో రాయించిన పేరొకటి ఉంది గానీ, హాజరు పిలిచే టీచరు తప్ప దాన్ని ఎవరూ వాడరు.

ఆ సాయంత్రం బడి వదలగానే ఎప్పట్లాగే తల్లి పనిచేసే బ్యూటీ పార్లర్‌కి వచ్చింది. ఇంటి తాళం తల్లి దగ్గరుంటుంది, తల్లికి పని చీకటి పడేదాకా తెమలదు. పిల్ల వెనకాల తలలు కడిగే తొట్టి పక్కన ఎత్తు పీట మీద కూర్చుని, కాసేపు లెక్కలు చేసి, ఉతికి ఆరిన తువ్వాళ్ళు మడతపెడుతుంది. ఈ మధ్య ఆ పీట మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనుతున్నాయి. గౌను చేతుల్లోంచి మోచేతులు తోసుకొచ్చాయి. స్నానానికి వెళ్తే లోపల్నుంచి గడియ వేసుకుంటోంది. ఇవన్నీ తల్లి చూస్తూనే ఉంది. పాలు పొంగుతున్నప్పుడు పొయ్యి దగ్గర నిలబడి చూసినట్టు, కొంచెం సంతోషంగా, కొంచెం కంగారుగా చూస్తోంది.

ఆ పార్లర్‌లో దారం పని ఆమెది. మిగిలినవాళ్ళు జుట్టు కత్తిరిస్తారు, రంగులేస్తారు, మొహాలు రుద్దుతారు. కనుబొమలు తీర్చడం, పై పెదవి మీద నూగు తియ్యడం మాత్రం ఆమె చేతి మీదుగానే జరగాలి. కుట్టుదారం ఉండ విప్పి, ఒక కొస పళ్ళ మధ్య బిగించి, మిగతా దారాన్ని రెండు చేతుల వేళ్ళకీ తగిలించి మధ్యలో మెలిపెడుతుంది. ఒక చెయ్యి తెరుచుకుంటే ఇంకోటి మూసుకుంటుంది. ఆ మెలిక చిర్రుమంటూ చర్మం మీద పరిగెత్తి వెంట్రుకని కుదురుతో సహా పీకేస్తుంది. కుర్చీలో ఉన్నవాళ్ళు నాలుకని పై పెదవి కింద పెట్టి ఉబ్బించాలి. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. ఎంత డబ్బున్నవాళ్ళకైనా తిరుగుతాయి.

ఆరోజు కుర్చీలో ఉన్నది ఒక లాయరమ్మ. కోర్టులో ఆవిడ గొంతెత్తితే కిటికీ అద్దాలు అదురుతాయంటారు. దారం పెదవి దగ్గరికి వస్తే మాత్రం తుమ్ముతుంది. దారం వస్తోందని తెలిసినా తుమ్ము వచ్చేస్తుంది. ఆవిడ గట్టిగా ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, "ఇవాళ తుమ్మను, కానివ్వు" అంది. దారం ఇంకా ఆనకముందే పౌడరు డబ్బా మూత ఎగిరిపోయేలా తుమ్మింది. గిలక్కాయ పీట మీద నుంచి జారి తువ్వాళ్ళ కుప్పలో పడి, పొట్ట పట్టుకుని నవ్వింది. లాయరమ్మ కూడా నవ్వేసింది. అందరూ నవ్వారు.

అప్పుడు కౌంటర్ వెనక కూర్చున్న మేడం, ఆ పార్లర్ యజమానురాలు, తేనె పూసిన గొంతుతో అంది. "నవ్వితే ముద్దుగానే ఉన్నావు గానీ బంగారం, మీసాలొస్తున్నాయి చూసుకున్నావా? అమ్మ చేతిలో దారం, కూతురి మూతికి మీసం. లేకపోతే మీ నాన్ననడిగి మెలెయ్యడమన్నా నేర్చుకో."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. మేడం జోకేస్తే నవ్వడం ఆ కొలువులో పనే. గిలక్కాయ తల్లి పళ్ళ మధ్య దారం ఉంది, అయినా ఆమె పెదాలు సాగాయి. అలవాటు కొద్దీ సాగాయి. ఎదురుగా గోడంత అద్దం. అందులో తన నవ్వు తనకి కనబడింది, దాని వెనకాల కూతురి చెయ్యి మెల్లగా లేచి మూతి మీదికి వెళ్ళడమూ కనబడింది. పిల్ల చెయ్యి దించలేదు. ఒక్క చేత్తోనే మిగతా తువ్వాళ్ళు మడతపెట్టింది.

ఇంటికి వెళ్ళే దారంతా తల్లికి ఒళ్ళు మండిపోతూనే ఉంది. మేడం మీద మంట, నవ్వినవాళ్ళ మీద మంట. ఆ మూతి మీద ఉన్నదేమిటి, పాల మీద కట్టే తరకంత లేదు. పదకొండు నిండి పన్నెండు నడుస్తున్న పిల్ల. ఒంట్లో ఎక్కడెక్కడ ఏమేం మొలుస్తున్నాయో దానికే ఇంకా లెక్క తెలియదు. దాన్ని పట్టుకుని నలుగురిలో అంత మాటా? పైగా తిట్టినా బాగుండేది. తిట్టు తిట్టులా ఉంటే తిరిగి ఒక మాట అనొచ్చు. ముద్దుచేస్తూ అన్న మాటకి ఏమని బదులు చెప్తారు? ఇన్ని అనుకున్నాక చివరికి తన నవ్వు గుర్తొచ్చింది. అక్కడికొచ్చేసరికి కోపానికి ఎటు పోవాలో తెలియక, సంచి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

రాత్రి భోజనాల దగ్గర గిలక్కాయ ముద్ద నోట్లో పెట్టుకోవడం, ఎడం చెయ్యి అడ్డం పెట్టుకోవడం. నీళ్ళు తాగడం, చెయ్యి అడ్డం పెట్టుకోవడం. మాట్లాడితే వేళ్ళ సందుల్లోంచి మాట్లాడుతోంది. "పన్ను నొప్పా?" అనడిగాడు వాళ్ళ నాన్న. ఇళ్ళకి రంగులేసే మనిషి. గోళ్ళ చుట్టూ సున్నం పోదు గానీ మీసం మాత్రం పోషించుకుంటాడు. దానికోసం చొక్కా జేబులో వేలెడంత దువ్వెన ఉంటుంది. తల్లి జరిగింది చెప్పింది. ఆయన కూతురి వంక కాసేపు చూసి, దీనికింత గొడవెందుకు, నీ చేతిలో పనే కదా, ఒక్క నిమిషంలో తీసెయ్యరాదా అన్నాడు. అని, భోజనం అయిపోయినట్టుంది, జేబులోంచి దువ్వెన తీశాడు.

"అది లోపల పెట్టు," అంది ఆమె.

ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. కానీ ఆ గొంతు విని లోపల పెట్టేశాడు. మగాడి మూతి మీద మొలిస్తే పౌరుషమట, దువ్వెన్లూ నూనెలూ, మాటకి ముందు ఒక మెలిక. ఆడపిల్ల మూతి మీద నూగు పడితే ఊరంతటికీ వేళాకోళం. ఆమె గిన్నెలు తోముతుంటే ఆ చప్పుడుకి పక్కింటి ముసలమ్మ గోడ మీద తట్టి అంతా కులాసాయేనా అని అడిగింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె తన మొహం తనే చేసుకుంటుంది. కిటికీలో చిన్న అద్దం నిలబెట్టి, దారం పళ్ళకి బిగించుకుని, ముందు పై పెదవి, తర్వాత గడ్డం కింద మొండి వెంట్రుక ఒకటి. ఆమె పెదవి మీద వచ్చేది నూగు కాదు, నల్లగా గట్టిగా వస్తుంది. దారం పనిచేసే మనిషికి మీసం ఉంటే ఎవరూ కుర్చీలో కూర్చోరని మేడం మొదటిరోజే చెప్పింది. ఆ ఆదివారం గిలక్కాయ వచ్చి కిటికీ గట్టు పక్కన చేరింది.

"నాకూ తియ్యమ్మా."

"తియ్యను."

"ఎందుకు?"

"చిన్నపిల్లవి."

"మేడం అన్నప్పుడు చిన్నపిల్లని కానా?" ఈ మాట కూడా చేతి వెనక నుంచే వచ్చింది. "నువ్వు తీసుకుంటావు. అందరికీ తీస్తావు. నాకు మాత్రం తియ్యవు."

పళ్ళ మధ్య దారం ఉంటే బదులు చెప్పకుండా తప్పించుకోవచ్చు. ఆమె ఆ పనే చేసింది. మనసులో మాత్రం చెప్పాల్సింది బోలెడుంది. ఒకసారి మొదలుపెడితే ఇంక ఆగడం ఉండదని, పన్నెండేళ్ళకి ఆ కుర్చీ ఎక్కినవాళ్ళు మనవలొచ్చినా దిగలేదని, ఆస్పత్రి నుంచి ఇంటికి చేరిన మనిషి కడుపుకి కుట్లు మానకముందే మూతికి కొంగు కప్పుకుని తన దగ్గరికి వచ్చిందని. అవేవీ పదకొండేళ్ళ పిల్లకి చెప్పే మాటల్లా లేవు. నవ్వు నాలుగు విధాల చేటన్న పెద్దలకి ఈ పిల్ల నవ్వు పోతే పోయేదేమిటో తెలియదు. ఆమెకి తెలుసు. దారం ఒకసారి ఆ పెదవి మీద నడిచిందంటే ఇంక ఆ నవ్వు ముందు అద్దం చూసుకుని గానీ బయటికి రాదు. ఆమె దారం విప్పేసి ఉండకి చుట్టేసింది. ఆ వారం తన మూతి కూడా చేసుకోలేదు.

సోమవారం గిలక్కాయ ఇంకో కబురు తెచ్చింది. క్లాసులో వేసే నాటకంలో ఆ పిల్లది నవ్వించే బంటు వేషం. ఇప్పుడు అది వద్దని, రాజు వేషం వెయ్యమన్నారట క్లాసు పిల్లలు. నీకైతే మీసం అంటించక్కర్లేదన్నారట. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా కనబడనిది, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాక క్లాసంతటికీ కనబడింది. నాటకంలో ఏ వేషమూ వెయ్యనని చెప్పి వచ్చేశానంది. ఏడవలేదు. ఏడిస్తే తల్లికి కొంచెం తేలిగ్గా ఉండేది.

మంగళవారం మేడం ఆమెని రోడ్డవతల ఇంటికి పంపింది. ఆ ఇంట్లో ఒక ముసలావిడ కాలు విరిగి మంచం మీదుంది, ముప్పై ఏళ్ళ నుంచి పార్లర్‌కి వస్తున్న మనిషి. దిండుకి ఆనుకుని గడ్డం పైకెత్తి, డాక్టరు నా కాలొక్కటే చూస్తాడా, మొహం చూడ్డా ఏం అంది. పళ్ళసెట్టు తీసేసిన నోట్లో నాలుకతో పెదవి ఉబ్బించడం ఆవిడకి కుదరలేదు. తల్లి బొటనవేలితో చర్మం లాగి పట్టుకుని మెల్లగా కానిచ్చింది. వదులు చర్మం, దారంలో పడితే తెగుతుంది. అయిపోయాక ముసలావిడ కళ్ళు తుడుచుకుని, ఇంక ఎవరొచ్చినా పర్లేదంది. కాలు విరిగిన మనిషికి ఇంత సిగ్గు నేర్పిందెవరా అని మెట్లు దిగుతూ ఆమె మళ్ళీ మండిపడింది.

పార్లర్ తలుపు తీసేసరికి తన కుర్చీలో గిలక్కాయ ఉంది.

మెడ చుట్టూ గుడ్డ కట్టారు. తల వెనక్కి వాల్చి, కళ్ళు గట్టిగా మూసుకుని, నాలుకతో పెదవి ఉబ్బించి పెట్టింది. అది ఎవరూ నేర్పక్కర్లేదు, ఎన్నేళ్ళనుంచి చూస్తోంది. బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. మేడం స్వయంగా వంగి, దారం పళ్ళ మధ్య పెట్టుకుని చిర్రుచిర్రుమనిపిస్తోంది. పెదవి ఒకవైపు ఎర్రగా కంది ఉంది.

బల్ల మీద కత్తెర ఉంది. తల్లి అది తీసి, మేడం పళ్ళకీ చేతులకీ మధ్య బిగువుగా ఉన్న దారాన్ని టక్కున కత్తిరించింది. దారం రెండు కొసలూ చెరోవైపు ఎగిరాయి. బిగువు పోయి మేడం వెనక్కి తూలింది. జుట్టుకి రంగేసుకుని కూర్చున్న ఇద్దరు మనుషులు పత్రికలు దించి చూశారు.

"నీకేమన్నా పిచ్చా?" అంది మేడం. తేనె లేదిప్పుడు. "పిల్ల అడిగింది, చేశాను. తల్లివి, నువ్వు చేసుంటే నా దాకా ఎందుకొస్తుంది? నా కూతురికైతే పదేళ్ళకే చేశాను."

"నా కూతురి మొహం మీద చెయ్యేసేముందు నన్నడగాలి."

"మొహం దానిది, అదే అడిగింది."

మేడం నోట్లోంచి అలాంటి మాట వస్తుందని తల్లి అనుకోలేదు. ఈ మొహాన్ని నవ్వులపాలు చేసి, ఏడిపించి, అడిగేదాకా తెచ్చింది నువ్వే కదా అందామనుకుంది. సగమే అంది, మిగతా సగం అనకుండానే పిల్ల మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పేసింది. మేడం కింద పడ్డ దారం ఏరుకుంటూ, ఇవాళ్టికి ఇంటికి పో, రేపు పొద్దున చల్లబడ్డాక రా, అసలు ఉంటావో లేదో అప్పుడు మాట్లాడదాం అంది. కొరివితో తల గోక్కున్నట్టేనని ఆమెకి తెలుసు. అప్పుడు మాత్రం గోక్కున్న తలకి హాయిగానే ఉంది.

ఆ హాయి వీధి మలుపు దాకా కూడా రాలేదు.

"సగమే అయింది," అంది గిలక్కాయ. రెండు చేతులూ మూతి మీద ఉన్నాయి. "ఇప్పుడు ఒకవైపు ఉంది, ఒకవైపు లేదు. రేపు బడికెలా వెళ్ళను? నువ్వు తియ్యవు, తీసేవాళ్ళని తియ్యనివ్వవు. మేడం కంటే నువ్వే ఎక్కువ చేశావు."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనే సామెత ఆమె ఎందరి మీదో వాడింది. అది తన మీదికే రావడం ఇదే మొదలు. ఇంటికి చేరగానే పిల్ల స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది. తల్లి గడప మీద కూలబడింది. కోపం ఇంకా అంతే ఉంది, కానీ ఎవరి మీద పడదామన్నా దారిలో తనే అడ్డం వస్తోంది. అడక్కుండా మాటన్నది మేడం. అడక్కుండా దారం తెంపింది తను. తియ్యననడానికి ముందు, నీకేం కావాలే అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగిందా? చిన్నపిల్లవి అనేసి ఊరుకుంది. చిన్నపిల్లయితే గడియ ఎందుకు పెట్టుకుంటుంది?

లేచి, సంచిలోంచి దారపు ఉండ తీసి, తలుపు తట్టింది.

"బయటికి రా. దారం పట్టడం నేర్పిస్తాను."

లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది, గడియ మాత్రం కదల్లేదు.

"నీ మూతి నీ ఇష్టం. తీసుకుంటావో, ఉంచుకుంటావో, నేను అడ్డం రాను. కానీ చెయ్యి తిరగాలంటే ముందు ఇంకొకళ్ళ మీద నేర్చుకోవాలి. నా మీద మొదలుపెట్టు. వారం దాటిన మీసం ఉంది, చూసుకో."

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

కిటికీ దగ్గర వెలుతురు ఇంకా మిగిలే ఉంది. తల్లి కుర్చీలో తల వెనక్కి వాల్చింది, పిల్ల ఎదురుగా నిలబడింది. ఈ కొస పళ్ళతో పట్టు, గట్టిగా కాదు, పన్ను అరిగిపోతుంది. ఇక్కడ మెలిపెట్టు. ఈ చెయ్యి తెరువు, ఆ చెయ్యి ముయ్యి. దారం వెంట్రుక వేరు దగ్గర ఆనాలి, చర్మాన్ని కొరక్కూడదు. గిలక్కాయ కనుబొమలు ముడేసి, ఊపిరి బిగబట్టి, మెలికని తల్లి పెదవి మీదికి తెచ్చింది. మొదటిసారి దారం చర్మాన్నే పట్టుకుంది. తల్లికి ప్రాణం లేచిపోయినట్టయింది. రెండోసారి ఒక వెంట్రుక వచ్చింది. మూడోసారికి చెయ్యి కాస్త దారికొచ్చింది. చిర్రుమంది.

"నొప్పా?" అంది పిల్ల, దారం వదలకుండా.

తల్లి నాలుక పెదవి కింద ఉంది. ఊఁ అంది. కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి.

"ప్రతీసారీనా?"

ఊఁ.

పిల్ల మెలిక కొంచెం వదులు చేసింది. మళ్ళీ మొదలుపెట్టింది. ముక్కు కింద గుంట దాకా వచ్చేసరికి తల్లికి ముక్కు లోపల ఎక్కడో చీమ పాకినట్టయింది. ఆపుకుందామనుకుంది. లాయరమ్మ వల్లే కానిది తన వల్ల అవుతుందా, తుమ్మింది. కుర్చీ వెనక్కి జరిగేంత తుమ్ము.

గిలక్కాయ నవ్వింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత ఆపలేకపోయింది. పళ్ళ మధ్య దారం జారిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకుందామని ఎత్తబోయింది గానీ, రెండు చేతుల వేళ్ళూ దారంలో చిక్కుపడి ఉన్నాయి, ఆ దారం కొస తల్లి జుట్టులో ఇరుక్కుంది. ఎంత లాగినా చేతులు రాలేదు. నోరంతా తెరిచి, పై పళ్ళూ కింది పళ్ళూ కనబడేలా, సగం నూగుతో సగం ఎరుపుతో ఉన్న ఆ పెదవి వణికేలా నవ్వింది. తల్లి కదల్లేదు. ఏమన్నా అంటే ఆ చేతులకి తీరిక దొరుకుతుందేమోనని మాట కూడా అనలేదు.

చిక్కులు విప్పుకున్నాక పిల్ల అద్దం తెచ్చి తల్లి ముందు పెట్టింది. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు నల్లగా ఉంది.

"ఇప్పుడు నీదీ సగమే," అంది. తర్వాత అద్దాన్ని తన వైపు తిప్పుకుని, చాలాసేపు చూసుకుని, "నాది కనబడుతోందా? నిజం చెప్పు," అంది.

"బాగా దగ్గరికొస్తే కనబడుతుంది."

"నీది వీధి చివర నుంచి కనబడుతుంది." ఇంకోసారి నవ్వొచ్చింది పిల్లకి. దారం ఉండకి చుట్టింది. "చేతులు నొప్పెడుతున్నాయి. మిగతాది తర్వాత చూద్దాం. నీదైనా, నాదైనా."

నాన్న పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒకరి తర్వాత ఒకరి మొహం చూశాడు. ఏదో అనబోయి, చెయ్యి జేబు దాకా వెళ్ళి, దువ్వెన తియ్యకుండానే కిందికి దించేశాడు.

పొద్దున ఇద్దరూ కలిసే బయల్దేరారు. పక్కింటి ముసలమ్మ గుమ్మంలోనే ఉంది. ఆవిడ చూపు తల్లి మూతి మీద ఆగింది. తల్లికి తెలియకుండానే చెయ్యి లేచింది. పైట సర్దుకున్నట్టు లేచి, పెదవి దాకా వెళ్ళింది. ఎంత తేలిగ్గా వెళ్ళిందో చూసి ఆమెకే ఒళ్ళు జలదరించింది.

"అమ్మా," అంది గిలక్కాయ మెల్లగా, "చెయ్యి దించు."

దించింది. బడి మలుపు దగ్గర పిల్ల సంచి రెండు చేతులతో గుండెకి హత్తుకుని లోపలికి పోయింది. నోటి ముందు ఏమీ లేదు. లోపల ఏం జరుగుతుందో తల్లికి తెలియదు. గేటు దాకా వెళ్ళి కాపలా కాయాలనిపించింది, కాళ్ళని పార్లర్ వైపు తిప్పుకుంది.

మేడం కౌంటర్ దగ్గర సిద్ధంగా ఉంది. రాత్రంతా పేర్చుకున్న మాటలు నోట్లోనే ఉన్నట్టున్నాయి, కానీ తల్లి మొహం చూడగానే అవన్నీ మరిచిపోయింది. అప్పటికే మొదటి మనిషి వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది. తల్లి వెళ్ళి చేతులు కడుక్కుని, పౌడరు డబ్బా దగ్గరికి లాక్కుని, దారం విప్పి కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. అద్దంలో కుర్చీలో మనిషి చూస్తోంది, వెనక నుంచి మేడం చూస్తోంది.

"ఏంటా అవతారం?" అంది మేడం చివరికి. "ఈ మొహంతో నా కుర్చీ దగ్గర నిలబడతావా? ఆ మిగతా సగం ఎప్పుడు తీస్తావు?"

ఆమె పళ్ళ మధ్య నుంచి దారం తీసింది. నవ్వలేదు. చెయ్యి కిందే ఉంది.

"మా అమ్మాయిని అడిగి చెప్తాను," అంది. దారం మళ్ళీ పళ్ళకి బిగించి, కుర్చీలో మనిషి వైపు వంగింది.